చెట్ల కింద గడ్డి రాని చోట వైట్ వుడ్ ఆస్టర్ ఎలా పెంచాలి

న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, మేరీల్యాండ్, వర్జీనియా వైపు ఇల్లు కొనుక్కున్న మనవాళ్లలో చాలామందికి బ్యాక్‌యార్డ్‌లో ఒక మూల తలనొప్పిగా ఉంటుంది, పెద్ద ఓక్ చెట్టో మేపుల్ చెట్టో ఉంటుంది, దాని కింద గడ్డి విత్తనాలు ఎంత చల్లినా నిలబడదు. ఎండ తగిలే భాగమంతా ఎలాగూ గోంగూరకీ సొరపాదుకీ టమాటాలకీ పోతుంది, ఈ నీడ మూల మాత్రం ప్రతి స్ప్రింగ్‌లో ఒక గ్రాస్ సీడ్ బ్యాగ్ మింగేసి జూలై కల్లా మళ్లీ ఉత్త మట్టిగా మారిపోతుంది. ఆ చోటికి నేను చెప్పే మొక్క వైట్ వుడ్ ఆస్టర్. దీనికి మనం చెయ్యాల్సినవి కొన్నే, చెయ్యకూడనివే ఎక్కువ, అందుకే గార్డెనింగ్ టైమ్ లేని వాళ్లకి కూడా ఇది సెట్ అవుతుంది.

ముందు మొక్క ఏంటో చూద్దాం. మన చామంతి, బంతి కుటుంబమే, కానీ ఎండలో పెరిగేది కాదు, అడవిలో చెట్ల నీడలో పెరిగే బహువార్షికం, అంటే చలికాలంలో పైన మొత్తం ఎండిపోయి ఏప్రిల్‌లో మళ్లీ వేర్ల నుంచి లేస్తుంది. అపలేచియన్ కొండల పొడుగునా, పైన న్యూ ఇంగ్లండ్ నుంచి కింద జార్జియా, అలబామా దాకా దీని సొంత ఊరు. సెప్టెంబర్‌లో షెనండోవా నేషనల్ పార్క్‌కి డ్రైవ్‌కి వెళ్తే స్కైలైన్ డ్రైవ్ పక్కన చెట్ల కింద తెల్లగా చిన్న చిన్న పూలు కనపడతాయి చూడండి, వాటిల్లో ఇది కచ్చితంగా ఉంటుంది. ఎత్తు ఒక అడుగు నుంచి రెండున్నర, మూడు అడుగుల దాకా, కాడ నల్లగా సన్నగా ఆకు ఆకుకీ వంకర తిరుగుతూ ఉంటుంది, ఆకు గుండె ఆకారంలో అంచుల్లో రంపపు పళ్లతో ఉంటుంది. పూవు అంగుళం లోపే. రేకులు తక్కువ, అవి కూడా పళ్లూడిన పిల్లాడి నవ్వులా మధ్యమధ్యలో ఖాళీగా ఉంటాయి. ఒక్క పూవు చూస్తే ఏముంది ఇందులో అనిపిస్తుంది, వందలకొద్దీ ఒకేసారి విచ్చుకున్నప్పుడు ఆ నీడలో ఆ తెలుపు వేరు.

అందరికీ కాదు ఇది

డాలస్, హ్యూస్టన్, కాలిఫోర్నియాలో ఉన్న వాళ్లు దీని జోలికి వెళ్లకండి, అక్కడి అడవి పూలు అక్కడ వేరే ఉన్నాయి, వాటిని పెట్టుకోండి. హార్డీనెస్ జోన్ 3 నుంచి 8 వరకు అని నర్సరీల్లో రాస్తారు కానీ జోన్ నంబర్ ఒక్కటే చూస్తే సరిపోదు, అది చలి ఎంత తట్టుకుంటుందో చెప్తుందే తప్ప ఆ మట్టి ఆ ఎండ దీనికి పడతాయో లేదో చెప్పదు. ఇక ఇండియాకి విత్తనాలు పంపుదాం అనుకునే వాళ్లు ఆ ఆలోచన మానుకోండి, దీనికి నెలల తరబడి చలి నిద్ర కావాలి, హైదరాబాద్ ఎండలకి నిలవదు, పైగా విత్తనాలు దేశం దాటించడానికి రూల్స్ ఉన్నాయి. టొరంటో వైపు వాళ్లకి ఇంకో మాట, కెనడాలో ఇది ముప్పులో ఉన్న మొక్కల లిస్ట్‌లో ఉంది, ఒంటారియోలో నయాగరా వైపు, క్యుబెక్‌లో కొన్ని చోట్ల మాత్రమే ఉంటుంది, కాబట్టి అక్కడ అడవిలో కనపడితే ఫోటో తీసుకుని వచ్చెయ్యండి.

చోటు చూసుకోవడం

ఒక ఆదివారం పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మూడుసార్లు ఆ మూలకి వెళ్లి ఎండ ఎక్కడెక్కడ పడుతుందో చూడండి, ఇది జూన్‌లో చెయ్యాలి, ఎందుకంటే ఏప్రిల్‌లో చెట్లకి ఆకులు ఉండవు కాబట్టి అంతా ఎండే కనపడుతుంది. పొద్దున పూట రెండు మూడు గంటలు ఎండ వచ్చి తర్వాత నీడ అయితే బెస్ట్, ఆకుల మధ్యలోంచి చుక్కలు చుక్కలుగా ఎండ పడినా చాలు. పూర్తి నీడలో కూడా బతుకుతుంది కానీ పూలు తగ్గుతాయి. మధ్యాహ్నం ఎండ నేరుగా కొట్టే చోట మాత్రం పెట్టకండి, ఆకులు అంచుల నుంచి మాడిపోతాయి.

మట్టి గురించి పెద్దగా ఆలోచించక్కర్లేదు. అడవి మట్టి లాగే కొంచెం ఆమ్ల గుణం ఉన్నా పర్లేదు, రాళ్లున్నా పర్లేదు, పొడిగా ఉన్నా వేళ్లూనుకున్నాక తట్టుకుంటుంది, ఒక్కటే షరతు, వాన పడ్డాక నీళ్లు రోజుల తరబడి నిలబడే పల్లం కాకూడదు. కంపోస్ట్, కౌ మెన్యూర్, మిరాకిల్ గ్రో ఇవేవీ వద్దు. మనకి మొక్క అనగానే ఎరువు వెయ్యాలని చెయ్యి పీకుతుంది కదా, దీనికి బలం ఎక్కువైతే కాడలు బలహీనంగా సాగి పూల టైమ్‌కి నేల మీద పడుకుంటాయి.

ఇప్పుడు ఆ చోటు ఖాళీ చెయ్యడం. అక్కడక్కడా మిగిలిన గడ్డి ఉంటే దాని మీద అట్టపెట్టెలు విప్పి పరచండి, ప్యాకేజీలు ఎలాగూ రోజూ వస్తూనే ఉంటాయి, టేపులు స్టికర్లు పీకేసి, ఒక్క పొర మాత్రమే వేసి బాగా తడిపి పైన ఎండుటాకులు కప్పండి, సమ్మర్‌లో వేస్తే ఫాల్ నాటికి గడ్డి చచ్చి అట్ట మెత్తబడి ఉంటుంది. ఇంగ్లిష్ ఐవీ, వింకా, పాకిసాండ్రా పాకిన చోటయితే అట్టలతో పని జరగదు, వాన పడ్డ మర్నాడు కూర్చుని వేళ్లతో సహా పీకాల్సిందే, ఒక్కసారితో పోవు కూడా, మధ్యలో విసుగొస్తే చిన్న ముక్క క్లియర్ చేసి అక్కడ మొదలుపెట్టి తర్వాత పెంచుకోండి. గార్లిక్ మస్టర్డ్ అనే కలుపు ఉంటే అది ముందు తీసెయ్యాలి. దాని ఆకు కూడా చిన్నప్పుడు గుండ్రంగా పళ్లతో ఉండి దీనిలాగే కనపడి మోసం చేస్తుంది, ఆకు నలిపి వాసన చూడండి, వెల్లుల్లి వాసన వస్తే పీకి చెత్తలో పడెయ్యండి.

చెట్టు కింద పని కాబట్టి ఇది గుర్తుపెట్టుకోండి, టిల్లర్ పెట్టి దున్నకూడదు, బయటి నుంచి మట్టి తెచ్చి వేర్ల మీద మందంగా పోయకూడదు. చెట్టు ఆహారం తీసుకునే సన్న వేర్లన్నీ పైపైనే ఉంటాయి, అవి తెగినా ఊపిరాడకపోయినా చెట్టు మెల్లగా ఎండుతుంది, అప్పుడు పూల మొక్క కోసం చేసిన పనికి చెట్టు కొట్టించే బిల్లు కట్టాలి.

మొక్కలు కొనడం

పెద్ద బాక్స్ స్టోర్స్‌లో ఇది సాధారణంగా దొరకదు, అక్కడ ఫాల్‌లో పెట్టే మమ్స్ (కుండీ చామంతులు) వేరే, వాటితో పోల్చకండి. నేటివ్ ప్లాంట్ నర్సరీలకి వెళ్లాలి, లేదంటే స్ప్రింగ్‌లో, సెప్టెంబర్‌లో చాలా ఊళ్లలో పార్కుల వాళ్లు పెట్టే నేటివ్ ప్లాంట్ సేల్స్ చూడాలి. పెన్సిల్వేనియా న్యూ హోప్‌లో బౌమన్స్ హిల్ వైల్డ్‌ఫ్లవర్ ప్రిజర్వ్ ఉంది, ఎడిసన్ వైపు వాళ్లు ఒక పూటలో వెళ్లి రావచ్చు. డెలావేర్‌లో హాకెసిన్ దగ్గర మౌంట్ క్యూబా సెంటర్, బోస్టన్ వైపు ఫ్రేమింగ్‌హామ్‌లో గార్డెన్ ఇన్ ద వుడ్స్, ఇలాంటి చోట్ల అడవి పూలు నిజంగా చెట్ల కింద ఎలా ఉంటాయో చూసి రండి, కేటలాగ్ ఫోటో చూసి కొనడం కన్నా నయం.

లేబుల్ మీద యూరిబియా డివారికాటా అని ఉండాలి, కొన్ని చోట్ల ఇంకా పాత పేరు ఆస్టర్ డివారికాటస్ అనే రాస్తారు, రెండూ ఒకటే. ఈస్టర్న్ స్టార్ అని ఒక రకం ఉంది, కొంచెం పొట్టిగా కాడ ముదురు రంగులో ఉంటుంది, ఫ్రంట్ యార్డ్‌లో నీట్‌గా కనపడాలంటే అది తీసుకోండి, చెట్టు కింద నింపడానికి మామూలుదే మంచిది. పెద్ద కుండీల మొక్కలు అక్కర్లేదు. చెట్టు వేర్ల మధ్యలో పెద్ద గుంత తియ్యలేరు కదా, అందుకని ప్లగ్స్ అనే చిన్న మొక్కలు ట్రే లెక్కన తీసుకోండి, ఒక్కోటి చాలా తక్కువలో పడుతుంది, ట్రే పెద్దదైతే ఇద్దరు ముగ్గురు ఫ్రెండ్స్ కలిసి పంచుకోవచ్చు. రెండేళ్లలో ప్లగ్‌కీ కుండీ మొక్కకీ పెద్ద తేడా ఉండదు.

నాటడం

టైమ్ రెండుసార్లు, ఏప్రిల్ చివర నుంచి మే, లేదంటే సెప్టెంబర్ మధ్య నుంచి అక్టోబర్ మధ్య. నా ఓటు ఫాల్‌కే, ఎందుకంటే అప్పుడు ఎండ తగ్గి వానలు పడతాయి, నేల ఇంకా వెచ్చగా ఉంటుంది కాబట్టి పైన ఏం కనపడకపోయినా కింద వేర్లు పాకుతాయి. మరీ నవంబర్‌లో నాటితే మాత్రం వేరు పట్టుకోకముందే నేల గడ్డకట్టి కరిగి మొక్కని పైకి నెట్టేస్తుంది. జూలై, ఆగస్ట్‌లో సేల్‌లో దొరికాయి కదా అని నాటకండి.

పొద్దున్నే కుండీల్లో ఉన్నప్పుడే నీళ్లు పోసి ఉంచండి. మొక్కకి మొక్కకి అడుగు నుంచి అడుగున్నర దూరం. సన్నటి ట్రోవెల్‌తో గుచ్చి చూడండి, వేరు తగిలితే నాలుగు అంగుళాలు పక్కకి జరగండి, బొటనవేలి కన్నా లావు వేరు కొయ్యొద్దు, అందుకని మొక్కలు వరసగా రావు, రాకపోవడమే బాగుంటుంది కూడా. వేర్లు గుండ్రంగా చుట్టుకుపోయి ఉంటే వేళ్లతో కొంచెం విప్పండి, మొక్క కుండీలో ఎంత లోతులో ఉందో అంతే లోతులో పెట్టి, చుట్టూ మట్టి అదిమి, వెంటనే నీళ్లు పోయండి. నార్వే మేపుల్ కింద అయితే అసలు గుచ్చడానికే చోటు దొరకదు, ఆ చెట్టు వేర్లు పైనే చాపలా అల్లేసి ఉంటాయి, అక్కడ మొదలు దగ్గర వదిలేసి కొమ్మల అంచు వైపు నాటండి.

పైన రెండు అంగుళాలు ఎండుటాకులు, లాన్ మోవర్‌తో ముక్కలు చేసినవైతే ఎగిరిపోవు. మొక్క మొదలు మాత్రం కప్పకండి. మన సబ్‌డివిజన్లలో ల్యాండ్‌స్కేపర్లు ప్రతి మేలో రంగు వేసిన బార్క్ మల్చ్ తెచ్చి చెట్టు మొదట్లో కుప్ప పోస్తారే, అది చెట్టుకీ మంచిది కాదు, దీని విత్తనాలు కూడా ఆ మందంలో మొలకెత్తవు, మీ కాంట్రాక్ట్‌లో ఆ మూల తీసేయించండి.

పక్కన ఏం పెట్టాలి అంటే, క్రిస్మస్ ఫెర్న్, పెన్సిల్వేనియా సెడ్జ్, ఫోమ్ ఫ్లవర్, బ్లూ స్టెమ్ గోల్డెన్‌రాడ్. గోల్డెన్‌రాడ్ పసుపు పూలు కూడా ఇదే టైమ్‌లో నీడలోనే పూస్తాయి, తెలుపూ పసుపూ కలిసి బాగుంటుంది. ఎండ తక్కువ చోట ఇంకేం పెట్టలేం అని అనుకునే వాళ్లకి ఈ నాలుగూ చాలు.

మొదటి ఏడాది నీళ్లు

ఇక్కడే చాలామంది మొక్క పోగొట్టుకుంటారు. పొడి నీడని తట్టుకుంటుంది అని రాసి ఉంటుంది కాబట్టి నాటేసి వదిలేస్తారు, కానీ ఆ తట్టుకునే గుణం వేరు దిగాక వచ్చేది. పైగా పెద్ద చెట్టు కింద వాన కూడా నేల దాకా సరిగ్గా రాదు, ఆకులే ఆపేస్తాయి, వచ్చిన కాస్తా చెట్టే తాగేస్తుంది. కాబట్టి మొదటి సమ్మర్ మొత్తం వారానికి ఒకసారి, వేడి ఎక్కువ ఉన్న వారం రెండుసార్లు, మెల్లగా లోతుగా నీళ్లు. రోజూ పైపైన పైపుతో చల్లితే వేర్లు పైనే ఉండిపోతాయి. వేలు రెండు అంగుళాలు మట్టిలో పెట్టి చూడండి, తడి తగిలితే ఆ రోజు వద్దు. ఇండియా ట్రిప్ జూన్, జూలైలో ఉంటే ఆ ఏడాది స్ప్రింగ్‌లో నాటకుండా సెప్టెంబర్‌కి వాయిదా వెయ్యండి, అంతే. రెండో ఏడాది నుంచి మరీ కరువు వస్తే తప్ప పైపు ముట్టుకోక్కర్లేదు, ఆగస్ట్ మధ్యాహ్నం ఆకులు వేలాడినా తెల్లారేసరికి లేచాయంటే బాగానే ఉన్నట్టు.

మొదటి ఏడాది పూలు అటూ ఇటూగా వస్తాయి, మూడో ఏడాది చూడాలి.

జింకలు, కుందేళ్లు, కత్తిరింపు

జింకలు దీన్ని హోస్టా అనే నీడ మొక్కల మీద పడ్డట్టు పడవు కానీ ఆకలేస్తే కొరుకుతాయి, లేత మొక్కల్ని కుందేళ్లు మొదటికంటా కొరికేస్తాయి. మొదటి ఏడాది చికెన్ వైర్ గుండ్రంగా చుట్టి పెట్టండి, రెండో ఏడాది తీసెయ్యండి. ఆకుల మీద తెల్ల బూడిద తెగులు వస్తే మందు కొట్టకండి, గుంపు ఎక్కువైందని అర్థం, స్ప్రింగ్‌లో కొన్ని తీసేస్తే సరి. ఆకులకి అక్కడక్కడా చిల్లులు ఉంటే సంతోషించండి, పర్ల్ క్రెసెంట్ అనే చిన్న నారింజ రంగు సీతాకోకచిలుక గొంగళ్లు తినేది ఆస్టర్ల ఆకులే.

మొక్క పొడుగ్గా సాగి పడిపోతుందని అనిపిస్తే మే చివర, జూన్ మొదట్లో మూడో వంతు నుంచి సగం దాకా కత్తిరించండి, పొట్టిగా గుబురుగా వస్తుంది, పూలు కొంచెం లేటుగా వస్తాయి. జూలై నాలుగు తర్వాత కత్తెర ముట్టొద్దు, అప్పటికి మొగ్గల ఏర్పాటు మొదలవుతుంది. నేనైతే ముందు వరసలో ఉన్నవే కత్తిరిస్తాను, వెనకవి వదిలేస్తాను. అన్నట్టు ఆ మూలలో పని చేసేటప్పుడు ఫుల్ ప్యాంట్, సాక్స్ వేసుకోండి, ఇంటికొచ్చాక టిక్స్ పట్టుకున్నాయేమో ఒళ్లంతా చూసుకోండి, ఈస్ట్ కోస్ట్‌లో అవి కుడితే వచ్చే లైమ్ డిసీజ్ తమాషా కాదు.

పూలొచ్చాక

ఆగస్ట్ చివర మొదలై అక్టోబర్ దాకా పూస్తుంది. మధ్యలో బొట్టు ముందు పసుపుగా ఉండి తర్వాత ఎర్రగా ఊదాగా మారుతుంది, ఒకే కొమ్మ మీద రెండు రంగులూ ఉంటాయి, రోగమేమో అని కంగారు పడకండి. మిగతా పూలన్నీ అయిపోయే టైమ్‌లో పూస్తుంది కాబట్టి చిన్న చిన్న నేటివ్ తేనెటీగలు మధ్యాహ్నం దీని మీదే ఉంటాయి.

ఒక జాగ్రత్త ఉంది. ఇదే నీడలో ఇదే టైమ్‌లో ఇదే కుటుంబానికి చెందిన ఇంకో తెల్ల పూల మొక్క వస్తుంది, వైట్ స్నేక్‌రూట్. అది విషం. ఆవులు దాన్ని మేస్తే పాలల్లోకి విషం వచ్చి పాత రోజుల్లో మిడ్‌వెస్ట్‌లో చాలామంది చనిపోయారు, 1818లో ఇండియానాలో లింకన్ తల్లి నాన్సీ హాంక్స్ పోయింది కూడా ఆ పాల జబ్బుతోనే అని చెప్తారు. తేడా పట్టడం సులువే, స్నేక్‌రూట్‌కి ఆకులు జంటలుగా ఎదురెదురుగా ఉంటాయి, పూలు రేకులు లేకుండా తెల్ల దూది ముద్దల్లా ఉంటాయి. ఆస్టర్‌కి ఆకులు ఒకటి తర్వాత ఒకటి, పూవుకి రేకులు స్పష్టంగా ఉంటాయి. అది కూడా ఇక్కడి మొక్కే కాబట్టి పీకెయ్యాలనేం లేదు, చిన్న పిల్లలు, మేకలు ఉన్న ఇంట్లో మాత్రం పీకేస్తే మంచిది.

బతుకమ్మ సరిగ్గా ఈ పూల టైమ్‌లోనే వస్తుంది. ఇక్కడ తంగేడు, గునుగు దొరక్క అందరం స్టోర్ బొకేలు విప్పి పేరుస్తాం కదా, మీ పెరట్లో ఇది ఉంటే కొమ్మలు కోసుకుని వరసల మధ్య ఖాళీలు నింపడానికి వాడుకోండి, పెద్ద వరసకి పనికిరాదు, పూవు మరీ చిన్నది. పొద్దున్నే కోసి నీళ్లల్లో పెడితే సాయంత్రం దాకా ఉంటుంది. పార్కుల్లో, ట్రెయిల్ పక్కన కొయ్యకండి, స్టేట్ పార్కుల్లో నేషనల్ పార్కుల్లో పూలు కొయ్యడం రూల్స్‌కి విరుద్ధం, ఫైన్ పడుతుంది.

ఫాల్ క్లీనప్ చెయ్యకండి

పూలు అయిపోయాక కాడలు ఎండి గోధుమ రంగులోకి వచ్చి చివర్లో బూజు లాంటి విత్తనాలు ఉంటాయి, చూడ్డానికి చెత్తగా ఉంటుంది, అయినా అలాగే ఉంచండి. విత్తనాలు పిట్టలు తింటాయి, రాలినవి మళ్లీ మొలుస్తాయి, చెట్టు ఆకులు పడి మొక్కని కప్పుతాయి. ఆ ఆకులు బ్లోయర్‌తో ఊదెయ్యొద్దు, ఆ ఆకులే దీనికి ఎరువు. ఏప్రిల్‌లో వెచ్చబడ్డాక ఎండు కాడల్ని అడుగు ఎత్తులో కోసెయ్యండి, మొదలుకంటా అక్కర్లేదు.

హెచ్‌ఓఏ (కాలనీలో ఇళ్ల యజమానుల సంఘం) వాళ్లు లెటర్ పంపుతారని భయముంటే చుట్టూ రాళ్లతోనో ఇటుకలతోనో ఒక అంచు కట్టండి, కావాలని పెంచినట్టు కనపడితే సగం గొడవ ఉండదు. మేరీల్యాండ్ వాళ్లకైతే 2021లో చట్టమే వచ్చింది, ఇలాంటి నేటివ్ మొక్కల తోటల్ని హెచ్‌ఓఏలు అకారణంగా ఆపకూడదని.

ఇంకా ఎక్కువ చేసుకోవాలంటే

విత్తనాలతో అయితే పాల క్యాన్ దారి. అక్టోబర్ చివర, నవంబర్‌లో బూజు తేలిగ్గా ఊడి వస్తున్నప్పుడు కాగితం కవర్లోకి దులుపుకుని ఇంట్లో ఆరబెట్టండి. మన ఇళ్లల్లో పెరుగు పుణ్యమా అని గ్యాలన్ పాల క్యాన్లకి లోటుండదు. క్యాన్‌ని మధ్యలో చుట్టూ కోసి ఒక వైపు మాత్రం అతుక్కుని ఉండేలా ఉంచండి, అడుగున చిల్లులు పెట్టండి, మూడు నాలుగు అంగుళాల పాటింగ్ మిక్స్ పోసి తడిపి, పైన విత్తనాలు చల్లి చేత్తో అదమండి, మట్టి కప్పకండి, వెలుతురు తగలాలి. టేప్ వేసి, మూత తీసి, డిసెంబర్ లేదా జనవరిలో బయట పెట్టెయ్యండి, మంచు పడనివ్వండి, ఆ చలి తగిలితేనే బాగా మొలుస్తాయి. ఏప్రిల్‌లో మొలకలు వస్తాయి, వచ్చాక క్యాన్ తెరిచి తడి ఆరకుండా చూసుకుంటే చాలు. పేరు పెన్సిల్‌తో రాసి పెట్టండి, మార్కర్ ఎండకి పోతుంది. ఈ మొక్కలు పూసేది సాధారణంగా రెండో ఏడాది.

తొందరగా కావాలంటే విడదీయడమే. మూడు నాలుగేళ్ల గుంపు ఉంటే ఏప్రిల్‌లో ఆకులు రెండు అంగుళాలు లేచినప్పుడు అంచు నుంచి పారతో ఒక ముక్క తియ్యండి, నేల కింద అడ్డంగా పాకే కాడలు ఉంటాయి, ప్రతి ముక్కకీ కొన్ని వేర్లు, రెండు మూడు మొలకలు ఉండేలా చూసి అదే రోజు నాటండి. ఫ్రెండ్స్‌కి ఇచ్చేటప్పుడు మీ పెరటి మట్టితో ఇవ్వకండి. జంపింగ్ వర్మ్స్ అని ఆసియా నుంచి వచ్చిన వానపాములు ఇప్పుడు ఈస్ట్ కోస్ట్ పెరళ్లలో చాలా చోట్ల ఉన్నాయి, పట్టుకుంటే పాములా కొట్టుకుంటాయి, అడవి నేల మీది ఎండుటాకులన్నీ తినేసి మట్టిని కాఫీ పొడి రవ్వలా చేసేస్తాయి, వాటి గుడ్లు ఆ మట్టిలోనే ఊరు మారతాయి. కాబట్టి బకెట్లో వేర్లు మట్టి పోయేదాకా కడిగి, తడి పేపర్ టవల్‌లో చుట్టి ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇవ్వండి, వాళ్లు అదే సాయంత్రం నాటుకోవాలి. మీకు ఎవరైనా మొక్క ఇచ్చినా అదే పని చెయ్యండి.